పదో గంట ఎవరి లెక్కలో?



పోయిన రెండు పేరెంట్స్ మీటింగుల్లోనూ, నంద్యాల బ్రాంచిలో ఒకసారి, ఆళ్లగడ్డ బ్రాంచిలో ఒకసారి, ఒకే కోరిక వచ్చింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు స్టడీ అవర్ సాయంత్రం ఐదున్నరతో ముగించకుండా ఏడున్నర దాకా పొడిగించమని. ఆళ్లగడ్డలో కొందరు సంతకాలు పెట్టి కాగితమే ఇచ్చారు. పదో తరగతికి ఎలాగూ ఉంది కదా, వీళ్లకూ పెడితే ఇప్పటినుంచే అలవాటవుతుంది అని పైకి చెప్పిన కారణం. మీటింగ్ అయ్యాక మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి చెప్పిన కారణం వేరు: "మేము ఇల్లు చేరేకి ఎనిమిదైతాది మేడమ్. అంతవరకూ మీ కాడే పెట్టుకోండి."

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పొడిగించకూడదు. ఇది మేనేజ్‌మెంట్ నిర్ణయమని అనుకోకండి. రెండేళ్లు ఆళ్లగడ్డలో, ఇప్పుడు నంద్యాలలో ఇంగ్లిష్ చెప్తున్న టీచర్‌గా నేను రాస్తున్న మాట. వాళ్లు వేసుకోనిచ్చారు, అంతే.

కానీ అడిగినవాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మెట్ల దగ్గర చెప్పిన ఆ రెండో కారణం నిజమైన కారణం. దాని గురించి మనం మీటింగులో మాట్లాడుకోం. మార్కులు, ర్యాంకులు, ఫీజు, బస్సు ఆలస్యం, ఇవన్నీ మాట్లాడుకుంటాం. అమ్మానాన్న రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నారన్నది మాత్రం ఎవరి ఇంటి సంగతి వాళ్లది అని వదిలేస్తాం. అది పిల్లల టైంటేబుల్‌లోకి వచ్చేసింది కాబట్టి ఇక స్కూలు సంగతి కూడా.

మన బస్సులెక్కే పిల్లల ఇళ్లు ఒకసారి చూడండి. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. సీజన్‌లో లారీలు నిండేదాకా కదలడానికి లేదు. అమ్మ బట్టల షాపులో సేల్స్‌లో. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టర్ లేస్తే రాత్రి తొమ్మిదికి దించుతారు, ఆషాఢం డిస్కౌంట్లకూ, దసరాకూ, పెళ్లిళ్ల సీజన్‌కూ ఇంకా ఆలస్యం. అన్నిగంటలూ నిలబడే. (తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఉందని చట్టంలోనే రాసింది. కుర్చీ కోసం చట్టం కావాల్సి వచ్చింది చూడండి.) ఇంకో ఇంట్లో నాన్న కొలిమిగుండ్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలో షిఫ్టు, లేదా బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్లో. ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే ఇళ్ల పిల్లలు మన దగ్గర చాలామందే ఉన్నారు. గుడి ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టేశాక విగ్రహం ఆలస్యమైతే ఎవరూ ఊరుకోరు, కాబట్టి షెడ్డులో లైటు వేసుకుని మరీ పని. ప్రైవేటు ఆసుపత్రి నర్సులున్నారు. ఇంటి నుంచే హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లున్నారు. అమెరికా తూర్పు తీరంలో పొద్దున తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. వాళ్ల రోజు మొదలయ్యేది సరిగ్గా మన పిల్లలు బ్యాగు దించే వేళకే.

ఇక పొలం పని. కేసీ కాలువ కింద నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు సిరివెళ్ల, రుద్రవరం పల్లెల నుంచి ఆడవాళ్లు ఆటోల్లో ఏ వేళకు బయల్దేరతారో మన బస్సు డ్రైవర్లకు బాగా తెలుసు. వాళ్ల గంటలు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.

రిజిస్టర్ ఉన్నవాళ్లకైనా ఏముంది అంటే, కొంచెం వెనక్కి వెళ్లాలి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది. దాని మొట్టమొదటి ఒప్పందం పని గంటల మీదే: పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48. అదే ఒప్పందంలో బ్రిటిష్ ఇండియాకు మాత్రం వేరే నిబంధన పెట్టారు. ఇక్కడి కార్మికులకు వారానికి 60 అని. మనవాళ్ల ఒంట్లో పన్నెండు గంటలు ఎక్కువ ఓపిక ఉందనుకున్నారేమో. స్వాతంత్ర్యం వచ్చాక తెచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని, మించితే ఆ గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలని ఉంది.

2025లో మన రాష్ట్రం దీన్ని మార్చింది. జూన్‌లో కేబినెట్ ఆమోదించింది, సెప్టెంబర్‌లో అసెంబ్లీలో బిల్లులు పాసయ్యాయి. ఫ్యాక్టరీల్లో రోజువారీ పరిమితి 9 నుంచి 10 గంటలకు పెరిగింది. షాపులు, వాణిజ్య సంస్థలకూ పదే. మధ్యలో విరామం లేకుండా పనిచేయించే గంటలు 5 నుంచి 6కు పెరిగాయి. మూడు నెలలకు 75 గంటలున్న ఓవర్‌టైమ్ పరిమితి 144కు పెరిగింది. తెలంగాణ కూడా అదే ఏడాది జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలు అనుమతించింది. వారానికి 48 అన్నది మాత్రం రెండుచోట్లా అలాగే ఉంచారు.

పెట్టుబడులు రావాలి, కంపెనీలకు వెసులుబాటు ఉండాలి అన్నది ప్రభుత్వం చెప్పే కారణం. అది తీసిపారేసే మాట కాదు. మన జిల్లా పిల్లలు ఇంజినీరింగ్ అయిపోగానే రైలెక్కకుండా ఇక్కడే పని దొరకాలని నేనూ కోరుకుంటాను. వారానికి 48 నిజంగా అమలయితే, నాలుగు రోజులు పదేసి గంటలు, ఐదో రోజు ఎనిమిది చేయించి, రెండు రోజులు సెలవిచ్చే యజమాని ఉంటే, నేనే వెళ్లి దండ వేసి వస్తాను.

కానీ ఓవర్‌టైమ్ లెక్క చూడండి. లెక్కలు నా సబ్జెక్టు కాదు గానీ ఇది ఐదో తరగతి భాగహారం. మూడు నెలలంటే 13 వారాలు. 144ను 13తో భాగిస్తే వారానికి 11 గంటలు. 48కి 11 కలిపితే 59. వందేళ్ల కిందట మనకు వేరుగా రాసిపెట్టిన 60కి ఒక గంట తక్కువ. పైగా కాగితం మీద "ఎక్కువలో ఎక్కువ" అని ఉన్నది షాపులోకి వచ్చేసరికి "మామూలు" అయిపోవడం మీకూ తెలుసు, నాకూ తెలుసు. రెట్టింపు వేతనం మాట మాత్రం షట్టర్ దగ్గరే ఆగిపోతుంది.

ఆ పదో గంట ఎక్కడి నుంచి వస్తుంది? రోజుకు ఇరవై ఐదో గంట ఎవరూ ఇవ్వరు. యజమాని దగ్గర పెరిగిన గంట ఇంట్లో తగ్గుతుంది. ఇంట్లో తగ్గినప్పుడు పిల్లవాడిని ఎక్కడో ఒకచోట ఉంచాలి. అందుకే స్టడీ అవర్ ఏడున్నర దాకా కావాలి. అమరావతిలో పాసైన బిల్లు ఆళ్లగడ్డ ఏడో తరగతి టైంటేబుల్ దాకా రావడానికి ఒక్క విద్యాసంవత్సరం కూడా పట్టలేదు.

ఎక్కువ పని చేస్తేనే దేశం ముందుకు పోతుందనే వాదన మనం వింటూనే ఉన్నాం. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు ఆదివారాలతో కలిపి 90 గంటల మాట అన్నారు. మా స్టాఫ్ రూమ్‌లో రెండుసార్లూ పెద్ద చర్చే జరిగింది. ఆ 70 గంటలప్పుడు ఇంట్లో అన్నం ఎవరు వండుతారని మా సైన్స్ మేడమ్ అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

నారాయణమూర్తి గారు ఉదాహరణగా చూపినవి రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీ, జపాన్. ఆ తరం కష్టపడిన మాట నిజమే. ఆ రెండు దేశాలూ ఇప్పుడేం చేస్తున్నాయో కూడా చూడాలి కదా.

జర్మనీలో ఒక ఉద్యోగి ఏడాదికి పనిచేసే సగటు గంటలు 1,350 లోపే. ఇందులో చిన్న మెలిక ఉంది: అక్కడ పార్ట్‌టైమ్ ఉద్యోగులు చాలామంది, అందుకే సగటు అంత తక్కువగా కనిపిస్తుంది. కానీ ఆదివారం షాపులు మూసి ఉంచాలని చట్టమే ఉంది. ఆదివారం పాలప్యాకెట్ కోసం తిరిగితే కష్టమేనని అక్కడ చదువుకుంటున్న మన పూర్వ విద్యార్థులు చెప్తుంటారు. షాపులో పనిచేసే తల్లికి మాత్రం ఆ రోజు పిల్లలతో గడుస్తుంది.

జపాన్ భాషలో పని భారంతో చనిపోవడానికి ప్రత్యేకంగా ఒక మాటే పుట్టింది, కరోషి. ఆ మాట పుట్టిన దేశమే 2018లో చట్టం మార్చి ఓవర్‌టైమ్‌ను సాధారణంగా నెలకు 45 గంటలకు, ఏడాదికి 360 గంటలకు కట్టడి చేసింది. 2025 ఏప్రిల్ నుంచి టోక్యో మహానగర ప్రభుత్వం తన ఉద్యోగులు వారానికి మూడు రోజులు సెలవు తీసుకునేలా వీలు కల్పించింది. ఎందుకంటే పిల్లలు పుట్టడం లేదు. 2024లో దేశం మొత్తం మీద పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపే.

కానీ మనకు అసలు పోలిక దక్షిణ కొరియా అనిపిస్తుంది నాకు. చదువు మీద మనకున్నంత పిచ్చి వాళ్లకూ ఉంది. అక్కడ ట్యూషన్ సెంటర్లను హాగ్వాన్ అంటారు. పిల్లలు స్కూలు నుంచి నేరుగా అక్కడికి, అక్కడి నుంచి నిద్రలోకి. చివరికి సియోల్ నగరంలో రాత్రి పది తర్వాత హాగ్వాన్ నడపకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. పెద్దవాళ్ల వారాన్ని 2018 జూలై నుంచి 52 గంటలకు కుదించారు, 40 మామూలు, 12 ఓవర్‌టైమ్. అయినా 2023లో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య 0.72కు పడిపోయింది. పెద్దవాళ్లకు టైం లేదు, పిల్లలకూ టైం లేదు, ఇంకో పిల్లవాడిని కనడానికి ఎవరికీ ధైర్యం లేదు.

2024లో వాళ్లు ఇంకో పని మొదలుపెట్టారు. నల్‌బోమ్ అని, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, తల్లిదండ్రులు వచ్చేదాకా, అవసరమైతే రాత్రి ఎనిమిది వరకు పిల్లలను స్కూల్లోనే చూసుకునే పథకం. ఆటలు, బొమ్మలు, పాటలు. అక్కడ ఆ గంటలకు స్టడీ అవర్ అని పేరు పెట్టలేదు, పిల్లల సంరక్షణ అన్నారు. ఈ తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

చైనాలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు, వారానికి ఆరు రోజులు పనిచేయించే పద్ధతిని 996 అంటారు. 2021 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. దానికి ఒక నెల ముందే హోంవర్కునూ, ట్యూషన్లనూ తగ్గించమని ప్రభుత్వం ఆదేశాలిచ్చింది: ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్కు లేదు, మూడు నుంచి ఆరు వరకు రోజుకు గంటకు మించకూడదు. ఎంతవరకు అమలవుతున్నాయన్నది వేరే సంగతి. కానీ పెద్దల గంటలూ, పిల్లల గంటలూ ఒకే ఏడాది గుర్తుకు రావడం ఊరికే జరగలేదనుకుంటాను.

మన సంగతి? అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో భారతదేశంలో పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది వారానికి 49 గంటలో, అంతకన్నా ఎక్కువో పనిచేస్తున్నారు. ఇందులో ప్రపంచంలో మనకంటే పైన ఉన్నది భూటాన్. స్థూల జాతీయ ఆనందం అని ప్రపంచానికి పాఠం చెప్పిన దేశం! కాబట్టి మనవాళ్లు కష్టపడటం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అదే సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2021లో ఇంకో లెక్క బయటపెట్టాయి. వారానికి 55 గంటలు దాటి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ప్రమాదం 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. మనం పైన భాగహారం చేసి తెచ్చిన సంఖ్య 59 అని గుర్తుంది కదా.

రాయలసీమలో ఉంటూ గల్ఫ్ గురించి రాయకపోతే లెక్క పూర్తి కాదు. కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్ వెళ్లినవాళ్లు లేని వీధి తక్కువ. మన వైపు నుంచీ ఉన్నారు. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం 2015లో చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికొక సెలవు ఇవ్వాలి. పన్నెండు గంటలు అన్నది అక్కడ రక్షణ! నేను ఆళ్లగడ్డలో ఉండగా నా క్లాసులో ఒక పాప మొదటి పీరియడ్‌లో రోజూ తూగేది. వాళ్లమ్మ కువైట్‌లో. అక్కడ గిన్నెలన్నీ కడిగి, ఫోన్ పట్టుకునేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు మనకు పన్నెండు. పాప పన్నెండు దాకా మేలుకుని అమ్మతో పది నిమిషాలు మాట్లాడి పడుకునేది. హోంవర్కు చేయలేదని ఆ పిల్లను నిలబెట్టడానికి నాకు చేతులు రాలేదు. అవ్వతో మాట్లాడి, మొదటి పీరియడ్ ఆమె ఏం చేసినా ఊరుకుందామని మిగతా టీచర్లం అనుకున్నాం.

ఇప్పుడు పిల్లల గంటలు లెక్కేద్దాం. మన స్కూలు ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర. భోజనం, రెండు చిన్న విరామాలు కలిపి గంటంబావు తీసేస్తే రోజుకు ఏడు గంటల ముప్పావు. ఆరు రోజులకు 46 గంటల 30 నిమిషాలు. పెద్దవాళ్ల 48కి ఇప్పటికే దగ్గరగా ఉన్నాం. మీరు అడిగిన రెండు గంటలు కలిపి, స్నాక్స్‌కు పావుగంట తీసేస్తే రోజుకు తొమ్మిదిన్నర, వారానికి 57. ఇంటికెళ్లాక గంట హోంవర్కు అనుకుంటే 63. ఇందులో బస్సు ప్రయాణం లేదు. చాగలమర్రి నుంచి ఆళ్లగడ్డకు వచ్చే పిల్లవాడి బస్సు గంటలు మీరే కలుపుకోండి.

బీఈడీలో మేం చదువుకున్న విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు అని ఉంటుంది. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. అది కనీసం మాత్రమే, ఎక్కువ చెప్పకూడదని కాదు. కానీ చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్న రోజు ఎంత పొడుగో తెలుస్తుంది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ఆరు నుంచి ఎనిమిది తరగతులకు హోంవర్కు రోజుకు గంటకు మించొద్దంది. కోచింగ్ సెంటర్లకు 2024 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు పెట్టొద్దని, మరీ పొద్దున్నే, మరీ రాత్రిపూట వద్దని ఉంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే డాక్టర్లు చెప్తారు. ఎనిమిదికి ఇల్లు చేరి, తిని, హోంవర్కు చేసి, కాసేపు ఫోన్ చూసి, పదకొండుకు పడుకుని, ఆరుకు లేచే పిల్లకు ఏడే వస్తాయి.

క్లాసులో నాకు కనిపించేది చెప్తాను. ఐదున్నర తర్వాత పిల్లలు చదవరు. పుస్తకం తెరిచి ఉంటుంది, కళ్లు ఉంటాయి, పేజీ తిరగదు. పదో తరగతి స్టడీ అవర్‌లో ఇన్విజిలేషన్ చేసే ఎవరినైనా అడగండి. ఒక పేరాగ్రాఫ్ పొద్దున పావుగంటలో వచ్చేది, సాయంత్రం ఏడింటికి ముప్పావుగంటైనా రాదు. ఇంగ్లిష్ మాట్లాడటం రావాలంటే మాట్లాడాలి. తోటి పిల్లలతో, అమ్మానాన్నతో, తెలుగులో అయినా సరే, ఈరోజు ఏం జరిగిందో వరసగా చెప్పడం రావాలి. వరసగా చెప్పడం తెలుగులో రాని పిల్లవాడికి ఇంగ్లిష్‌లో వ్యాసం రాయడం నేను నేర్పలేను. అది నేర్చుకునే చోటు అన్నం తినేటప్పుడు ఇల్లే.

ఇంతా విని మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఐదున్నర నుంచి ఎనిమిది దాకా పిల్లవాడు ఎక్కడుండాలి మరి? తాళం వేసిన ఇంటి ముందా? ఫోన్ చేతికిచ్చి పక్కింట్లోనా? ఆడపిల్లయితే ఇంకా భయం. ఈ ప్రశ్నకు "పిల్లలతో సమయం గడపండి" అని సలహా చెప్పి తప్పుకోవడం నాకు సిగ్గనిపిస్తుంది. గడపడానికి మీ చేతిలో సమయం లేకనే కదా అడుగుతున్నారు.

అందుకే కొరియావాళ్ల తేడా గురించి చెప్పాను. మన స్కూలు ఆ రెండు గంటలు తెరిచి ఉంచితే నాకు అభ్యంతరం లేదు. దాన్ని చదువు అని పిలవొద్దు, చదువు చెప్పొద్దు. గ్రౌండ్ ఉంది, లైబ్రరీ ఉంది, క్యారమ్స్ ఉన్నాయి. ఒక ఆయమ్మ, ఒక పీఈటీ సార్ ఉంటే చాలు. బ్యాగులు క్లాసులోనే. నిద్రపోయేవాళ్లు నిద్రపోవచ్చు. అవసరమున్న పిల్లలే ఉంటారు, ఐదున్నరకు ఇంటికి పోగలిగినవాళ్లు పోతారు. స్టడీ అవర్ అని పేరు పెడితే మాత్రం అందరూ ఉండాల్సిందే, పక్కింటి పిల్లవాడు చదువుతుంటే మనవాడు వెనకబడతాడన్న భయంతో. పేరులోనే ఉంది చిక్కంతా. దీనికి ఖర్చవుతుంది, టీచర్ల డ్యూటీ ఎవరికి, ఎంతకు అనే ప్రశ్నా ఉంది. అదీ తేలాలి, ఎందుకంటే మా ఇళ్లలోనూ పిల్లలున్నారు. విద్యాహక్కు చట్టం టీచరుకు తయారీ గంటలతో కలిపి వారానికి కనీసం 45 గంటలు అని రాసింది. మేం ఎంత చేస్తున్నామో ఇక్కడ రాయను, పేపర్లు దిద్దే రాత్రులు లెక్కలో లేవు అని మాత్రం చెప్తాను.

ఇంటి లోపల ఇంకో లెక్క ఉంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. పదో గంట పెరిగినప్పుడు ఇద్దరికీ ఒకేలా పెరగదు. రాత్రి తొమ్మిదికి షాపు షట్టర్ దించి వచ్చిన తల్లికి అప్పుడు స్టవ్ వెలుగుతుంది. స్టడీ అవర్ కావాలని కాగితం మీద పెట్టిన సంతకాల్లో ఎక్కువ అమ్మలవి. నాన్నలను ఒకటే అడుగుతున్నాను. వారంలో రెండు సాయంత్రాలు ఆరుకు గేటు దగ్గర మీరు ఉండగలరా? మిల్లులో కుదరదంటే సరే. కుదిరి కూడా సెంటర్లో టీ దగ్గర ఆగుతున్న నాన్నలు కొందరున్నారు. మన బస్సులు అటునుంచే వస్తాయి, మాకు కనిపిస్తారు.

యజమానులైన తల్లిదండ్రులూ మన స్కూల్లో తక్కువేం లేరు. మిల్లులు, షాపులు, ఆసుపత్రులు మీవే. మీ దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలు మీ పిల్లల పక్క బెంచీలో కూర్చుంటారు. పది గంటలు అని చట్టం ఒప్పుకుంది కాబట్టి పదీ వాడుకోవాలని లేదు. వాడుకుంటే పదో గంటకు లెక్క రాసి, ఓవర్‌టైమ్ అయితే రెట్టింపు ఇవ్వండి. పేరెంట్స్ మీటింగు రోజు సగం పూట సెలవు జీతం కోయకుండా ఇవ్వండి. ఇది మీ చేతిలో ఉన్న పని, ఏ బిల్లూ అక్కర్లేదు.

ఇక ఫోన్. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళలు దాటాక ఆఫీసు మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మన క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పదకొండుకు "రేపు ఏ నోట్‌బుక్ మేడమ్" అని వస్తుంది. అడిగేది ఎక్కువగా అప్పుడే ఇల్లు చేరిన తల్లులు. వాళ్లకు వేరే వేళ లేదు, అందుకే నాకు కోపం రాదు. కానీ ఆ మెసేజ్ చూసి పడుకున్న పిల్లలను లేపి నోట్‌బుక్ వెతికించే ఇళ్లు ఇంకో పది ఉంటాయి. కాబట్టి మా సెక్షన్ వరకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. మరుసటి రోజు పుస్తకాల జాబితా సాయంత్రం ఐదుకే పెట్టేస్తాను. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా గ్రూపు మూసి ఉంటుంది. ఒంట్లో బాగోలేకపోతే, బస్సు సమస్య అయితే ఫోన్ చేయండి, తీస్తాను. రేపటి నోట్‌బుక్ తేకపోతే ఎవరినీ నిలబెట్టను, ఆ మాట పిల్లలకూ చెప్పాను.

వచ్చే నెల రెండో శనివారం రెండు బ్రాంచీల్లోనూ స్టడీ అవర్ మీద చర్చ ఉంది. వచ్చేటప్పుడు ఒక వారం లెక్క రాసుకుని రండి. మూడే గడులు: మీరు ఇల్లు చేరిన టైం, పిల్లలు ఇల్లు చేరిన టైం, పిల్లలు పడుకున్న టైం. అమ్మది వేరుగా, నాన్నది వేరుగా రాయండి. డైరీ చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి, అందులో రాసినా చాలు. సంతకం అక్కర్లేదు, పేరు కూడా అక్కర్లేదు, తరగతి రాస్తే సరిపోతుంది. రాలేనివాళ్లు పిల్లల చేత పంపండి. నంద్యాలలో ఆఫీసు కౌంటర్ దగ్గర, ఆళ్లగడ్డలో సెక్యూరిటీ అన్న దగ్గర పెట్టె ఉంటుంది.